ఏడాది పిల్ల

నూకాలుకి ఆ ఏడు పిల్ల చచ్చిపుట్టింది. రెండు రోజుల తర్వాత పక్క కొలనులో ఇంకో తల్లి బతికున్న పిల్లనే కన్నది గాని, రక్తం ఆగక తెల్లారేసరికి ప్రాణం వదిలింది. ఇటు పిల్ల లేని తల్లి, అటు తల్లి లేని పిల్ల. ఇలాంటి జత కోసం డాక్టర్ వారిజ ఆరేళ్ళుగా కాచుకుని ఉంది.

నూకాలు ఆడ సముద్ర సింహం. భీమిలి దాటాక కొండకీ సముద్రానికీ మధ్య ఉన్న పరిశోధన కేంద్రంలో అలాంటివి పదకొండు ఉండేవి. గల్ఫ్‌లో మూతపడిన ఒక వినోదశాల నుంచి వాటిని ఓడలో తెచ్చారు. కాగితాల మీద వాటికి నంబర్లే. పేర్లు పెట్టింది ఎర్రయ్య. అతను పాతికేళ్ళు పడవ మీద వేటకెళ్ళి, భుజం జారిపోయాక ఇక్కడ మేత వేసే పనిలో చేరాడు.

వారిజ పరిశోధన ఒక చిన్న విషయం చుట్టూ తిరిగేది. సముద్ర సింహాల తల్లులు వందల కొద్దీ ఒకే ఒడ్డున ఈనుతాయి. మేత కోసం సముద్రంలోకి పోయి, మూడు నాలుగు రోజులకి గాని తిరిగి రావు. వచ్చిన తల్లి ఒడ్డున నిలబడి ఒక అరుపు అరుస్తుంది. అన్ని పిల్లల్లోనూ దాని పిల్ల ఒక్కటే బదులు పలుకుతుంది. రెండూ ఒకదాన్నొకటి వెతుక్కుంటూ వస్తాయి. చివరికి తల్లి ముక్కుకి ముక్కు ఆనించి వాసన చూసి, తనదే అని రూఢి చేసుకున్నాకే పాలిస్తుంది. ఆకలికి ఓర్వలేక పరాయి పిల్ల దగ్గరకొస్తే పళ్ళతో పట్టి అవతలికి విసిరేస్తుంది. ఈ గుర్తు తల్లి మెదడులో పురిటి తర్వాత మొదటి గంటల్లోనే పడుతుంది. ఆ గంటల్లో మాత్రమే తల్లి రక్తంలో కనబడే ఒక పదార్థాన్ని వారిజ పట్టుకుంది, తన గదిలోనే తయారు చేసింది. ముక్కులో రెండు చుక్కలు వేస్తే చాలు. ఆ తర్వాత రెండు గంటల్లో ఏ బిడ్డ ఆ తల్లి ఎదుట ఉంటే అదే దాని బిడ్డ.

నూకాలుని ఇనప చట్రంలో నిలిపి, ఎర్రయ్య మెడ నిమురుతుండగా వారిజ చుక్కలు వేసింది. అనాథ పిల్లని ముందు వదిలి అందరూ గోడ వెనక్కి తప్పుకున్నారు. మొదటి గంటలో నూకాలు రెండుసార్లు పళ్ళు చూపింది. తర్వాత మెడ సాచి పిల్ల మూతిని ఆసాంతం వాసన చూసింది. చూసి, పక్కకి ఒరిగి పొట్ట ఇచ్చింది. పిల్ల పాలు తాగుతున్న చప్పుడు గోడ వెనక దాకా వినిపించింది. డైరెక్టర్ పరాంకుశం గారు వారిజ చెయ్యి పట్టుకుని ఊపేశారు. ఎవరో మిఠాయి తెప్పించారు.

నూకాలుకి అంతకు ముందు ఏడు పుట్టిన పిల్ల ఒకటుంది. ఎర్రయ్య దాన్ని బుడ్డోడు అనేవాడు. సముద్ర సింహాల్లో కొత్త పిల్ల దక్కకపోతే తల్లి ఏడాది పిల్లకే పాలిస్తూ పోతుంది. నూకాలు కూడా అలాగే ఇస్తోంది. మర్నాడు పొద్దున్న బుడ్డోడు అలవాటుగా తల్లి దగ్గరకెళ్ళాడు. నూకాలు వాణ్ణి వాసన చూసి, భుజం మీద పళ్ళు దింపి, గచ్చు మీదకి విసిరేసింది. వాడు లేచి మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ విసిరేసింది. నాలుగోసారి వాడు వెళ్ళలేదు, దూరంగా పడుకుని అరుస్తూ ఉండిపోయాడు.

"పాలు మాన్పిస్తోంది," అంది వారిజ.

"పాలు మాన్పించే తల్లి ఇలాగ కొరకదండి," అన్నాడు ఎర్రయ్య. "నెమ్మదిగా పక్కకి తోస్తాది. ఇది ఆణ్ణి ఎరగనట్టు సూత్తంది."

వారిజ తన గదికి వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నం ప్రయోగాల పుస్తకంలో అనాథ పిల్ల సంగతి ఆరు పేజీలు రాసింది. బుడ్డోడి సంగతి ఒక్క వాక్యం: ఏడాది పిల్లని దగ్గరకి రానివ్వడం లేదు, సహజంగా పాలు మాన్పించడం కావచ్చు. ఆ "కావచ్చు" దగ్గర కలం కాసేపు ఆగింది. తర్వాత పుస్తకం మూసేసింది.

*

వారిజకి చెల్లెలు గిరిజ ఒక్కతే. ఐదేళ్ళ కిందట గిరిజని విశాఖలో ఓడల మరమ్మతు యార్డులో పనిచేసే జగ్గారావుకిచ్చి చేశారు. అతనికి అది రెండో పెళ్ళి. మొదటి భార్య డెంగ్యూతో పోయింది. రెండేళ్ళ పిల్ల ఉంది, పేరు తన్మయి. ఆ పిల్ల ఉంది కాబట్టే గిరిజ ఈ సంబంధానికి ఒప్పుకుందని వారిజకి తెలుసు. పెళ్ళిచూపుల నాడు పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే తన్మయి వచ్చి గిరిజ ఒళ్ళో కూర్చుని, పైట కొంగు వేలికి చుట్టుకుని నిద్రపోయింది. గిరిజ కాలు తిమ్మిరెక్కినా లేవలేదు.

ఆ తర్వాత ఐదేళ్ళూ తల్లీ కూతుళ్ళు ఒకళ్ళనొకళ్ళు వదిలింది లేదు. తన్మయికి జడ వేసేటప్పుడు గిరిజ ముందు దాని నడినెత్తి మీద ముక్కు పెట్టి గట్టిగా వాసన పీల్చేది. "ఈ పూట ఎండలో ఆడావు," అనో, "ఎవరి దగ్గరో మామిడికాయ తిన్నావు," అనో చెప్పేది. చాలాసార్లు నిజమయ్యేది. తన్మయికి అదొక ఆట. ఎదురు క్వార్టర్ వాళ్ళు కూడా ఆ పిల్ల గిరిజ కన్నబిడ్డ కాదని చాలా కాలం ఎరగరు.

అలాంటి గిరిజ, తన్మయి ఏడో ఏట తనకి బాబు పుట్టాక, ఆ బాబు ముఖం చూడలేదు.

మొదట్లో కోత నొప్పి అనుకున్నారు. పది రోజులైనా బిడ్డని తనంతట తాను ఎత్తుకోలేదు. ఏడిస్తే గోడ వైపు తిరిగేది. పాలు తగ్గిపోయాయి. వారిజ వెళ్ళి పక్కన కూర్చుంటే, "వీడెవరో నాకు తెలీడం లేదక్కా. ఎవరి బిడ్డనో తెచ్చి పక్కన పడుకోబెట్టినట్టుంది," అంది, చాలా మామూలుగా. డాక్టరమ్మ, పురిటి తర్వాత కొందరికి ఇలా అవుతుందని, మాత్రలు పనిచెయ్యడానికి మూడు నాలుగు వారాలు పడుతుందని, అందాకా ఒంటరిగా వదలొద్దని చెప్పింది. వారిజ సెలవు పెట్టి చెల్లెలింట్లోనే ఉండిపోయింది.

పదమూడో రోజు పొద్దున్న గిరిజ బాబుని ఎండకి చూపిస్తానని డాబా మీదకి తీసుకెళ్ళింది. వారిజ స్నానం చేసి వచ్చేసరికి గిరిజ వంటింట్లో ఒక్కతే నిలబడి మంచినీళ్ళు తాగుతోంది. బాబేడని అడిగితే ఆలోచించింది. వారిజ మెట్లెక్కి పరుగెత్తింది. పన్నెండు రోజుల పసివాడు పిట్టగోడ మీద, దుప్పటి మడతలో, కాళ్ళు ఆడిస్తూ ఉన్నాడు. కింద మూడంతస్తుల లోతులో స్కూటర్లు నిలిపి ఉన్నాయి.

వారిజ ఆ సంగతి జగ్గారావుకి చెప్పలేదు. మధ్యాహ్నం తల్లినీ బిడ్డనీ ఎదురు క్వార్టర్ వాళ్ళకి అప్పజెప్పి భీమిలి వెళ్ళి, చలిపెట్టెలోంచి ఒక సీసా తెచ్చింది. ఆ చుక్కలు మనుషులకి వెయ్యడానికి ఏ అనుమతీ లేదు. కోతుల మీద కూడా పరీక్షించలేదు. దారి పొడుగునా పిట్టగోడే కళ్ళ ముందు కనబడింది. బుడ్డోడు కనబడలేదంటే అబద్ధం. బస్సు మధురవాడ దాటుతుండగా ఒకసారి కనబడ్డాడు. మనిషి జంతువు కాదు కదా అని సర్ది చెప్పుకుంది.

పాలు పడటానికి కొత్త మందు వచ్చిందని చెల్లెలికి చెప్పింది. గిరిజ ఏమీ అడక్కుండా తల వెనక్కి వాల్చింది. చుక్కలు వేసి, బాబుని గుండెల మీద పడుకోబెట్టి, వారిజ బయటికొచ్చి తలుపు చేరవేసింది.

సరిగ్గా అప్పుడే తన్మయి బడి నుంచి వచ్చింది. సంచీ వీపు మీద ఉండగానే తలుపు దగ్గరకెళ్ళి, అమ్మకి చూపించాలని, తను గీసిన పడవ బొమ్మ పట్టుకు నిలబడింది.

"ఇప్పుడు కాదమ్మా. రెండు గంటలు ఆగు," అంది వారిజ, ఆ పిల్లకీ తలుపుకీ మధ్య నిలబడి.

తన్మయి బుద్ధిగా గుమ్మం పక్కన కూర్చుంది. లోపల్నించి సన్నగా జోలపాట వినిపించింది. పదమూడు రోజుల్లో గిరిజ పాడటం అదే మొదలు. వారిజ కళ్ళు తుడుచుకుంది. తన్మయి కూడా నవ్వింది.

*

మూడో రోజుకి గిరిజ మనిషైంది. పాలు పొంగాయి. బాబుని కాసేపు కూడా ఎవరికీ ఇచ్చేది కాదు. స్నానానికి వెళ్తే తలుపు తీసి పెట్టుకుని, వాడు మూలిగితే సబ్బు నురగతోనే వచ్చేసేది. జగ్గారావు వారిజకి దణ్ణం పెట్టినంత పనిచేశాడు. డాక్టరమ్మ మాత్రలు ఇంత తొందరగా పనిచెయ్యడం చూడలేదంది. వారిజ భీమిలి వెళ్ళిపోయింది.

వారం తర్వాత గిరిజ ఫోన్ చేసింది. బాబు బరువు సంగతి చెప్పి చెప్పి, చివర్న అడిగింది, తన్మయికి ఏదైనా జబ్బు ఉందేమో చూడమని.

"ఏమైంది?"

"ఏదో వాసనక్కా. స్నానం చేయించినా పోవట్లేదు. దగ్గరికొస్తే నా కడుపులో దేవుతోంది."

 బాలింతలకి వాసనలు పడవులే అని వారిజ చెప్పింది. ఆ మాట తను నమ్మి చెప్పలేదు, నమ్మాలని చెప్పింది.

ఆదివారం వెళ్ళి చూసింది. గిరిజ తన్మయికి జడ వేస్తోంది. వేసే ముందు కిటికీ దగ్గరకెళ్ళి గుండెల నిండా గాలి పీల్చుకుంది. ఊపిరి బిగబట్టి వచ్చి గబగబా పాయలు తీసింది. సగంలో లేచి మళ్ళీ కిటికీ దగ్గరకెళ్ళి, గాలి పీల్చుకుని వచ్చింది. తన్మయి కదలకుండా కూర్చుని అంతా చూస్తోంది. నెత్తి మీద ముక్కు పెట్టే ఆట ఊసే లేదు.

ఆ తర్వాత ఆ పిల్ల రోజుకి మూడుసార్లు స్నానం చెయ్యడం మొదలెట్టింది. తమ్ముడి సబ్బుతో రుద్దుకునేది. తమ్ముడి పౌడరు మెడకీ చేతులకీ పూసుకునేది. గిరిజ కంచంలో అన్నీ వడ్డించి, బల్ల ఆ చివరకి తోసి, తను వంటింటి గుమ్మంలో నిలబడి తినమనేది. వండటంలో లోటు లేదు. బట్టలు ఉతకడంలో లోటు లేదు. దగ్గరకి తీసుకోవడమే లేదు. ఇది ఇరుగుపొరుగు కంట పడకుండా ఉంటుందా? సొంత కొడుకు పుట్టగానే సవతి తల్లి బుద్ధి బయటపడిందని, ఇన్నాళ్ళూ నటించిందని కొళాయి దగ్గర అనుకున్నారు. గిరిజ వినేలాగే అనుకున్నారు.

"వాళ్ళన్నది నిజమేనేమో," అంది గిరిజ అక్కతో, ఏడుస్తూ. "నేను ఇలాంటిదాన్నేనేమో. నాకే తెలీలేదు ఇన్నాళ్ళూ. దాని పుట్టినరోజు గుర్తుంది, దాని జ్వరాలు గుర్తున్నాయి. దాన్ని చూస్తే మాత్రం ఎవరి పిల్లో మన ఇంట్లోకి వచ్చి కూర్చుందనిపిస్తోంది. నేనేం మనిషినక్కా?"

చెప్పాల్సిన సమయం అది. వారిజ చెప్పలేదు. చెప్తే ఉద్యోగం పోతుంది, కేసు అవుతుంది, ఆరేళ్ళ పని మట్టిలో కలుస్తుంది. అవన్నీ నిజమే. అసలు కారణం మాత్రం ఇంకోటి. చెల్లెలు తన వైపు చూసే చూపు మారిపోతుందని భయం. చుక్కల బలం ఆర్నెల్లలో దానంతట అదే తగ్గుతుందేమో చూద్దామని తనకి తాను గడువు పెట్టుకుంది. గిరిజ వీపు నిమిరి, అన్నీ సర్దుకుంటాయంది.

నెల తిరక్కుండానే జగ్గారావు ఆసుపత్రి నుంచి ఫోన్ చేశాడు.

జరిగింది ఇది. మధ్యాహ్నం గిరిజ, బాబు నిద్రపోతున్నారు. తన్మయి ఉతకాల్సిన బట్టల్లోంచి తమ్ముడి పాల మరకల తువ్వాలు తీసి, తల నుంచి భుజాల దాకా చుట్టుకుని, చప్పుడు కాకుండా వెళ్ళి తల్లి పక్కన పడుకుంది. గిరిజ నిద్రలోనే చెయ్యి వేసి దగ్గరకి లాక్కుంది. అలా ఎంతసేపు పడుకున్నారో తెలీదు. ఎప్పుడో తువ్వాలు జారిపోయింది.

నర్సు కట్టు విప్పి చూపించింది. తన్మయి ఎడమ భుజం మీద పైన నాలుగు, కింద నాలుగు పళ్ళ గాట్లు. రెండు చోట్ల కుట్లు పడ్డాయి. వారిజకి ఆ గుర్తు పాతదే. బుడ్డోడి భుజానికి తనే మందు రాసింది.

"అమ్మ నిద్రలో ఉంది పెద్దమ్మా," అంది తన్మయి. "అమ్మని ఎవరూ ఏమీ అనొద్దని చెప్పు."

*

ఆ సాయంత్రమే వారిజ చెల్లెలికి అంతా చెప్పింది. చుక్కల సంగతి, బుడ్డోడి సంగతి, పిట్టగోడ సంగతి, తలుపు దగ్గర తన్మయిని ఆపిన సంగతి. గిరిజ బాబుకి పాలిస్తూ వింది. 

"ఆ ఏడాది పిల్లని తల్లి కొరకడం ముందే చూశావా?" అని అడిగింది చివరికి.

"చూశాను."

"చూసే వేశావు."

"నువ్వు వీణ్ణి గోడ మీద వదిలేశావు గిరిజా. ఆ నిమిషంలో నాకింకేం తోచలేదు."

గిరిజ బాబుని రెండో వైపుకి మార్చుకుంది. తర్వాత, ఆ చుక్కలే మళ్ళీ వేసి ఈసారి తన్మయిని పక్కన కూర్చోబెడితే పిల్ల తిరిగి తనదవుతుందా అని అడిగింది. వారిజకి తెలీదు. తెలుసుకుంటానంది.

మర్నాడు నూకాలుకి రెండోసారి చుక్కలు వేసి, బుడ్డోణ్ణి ముందు వదిలింది. ఎర్రయ్య ఈసారి మెడ నిమరడానికి రానన్నాడు, దూరంగా నిలబడ్డాడు. రెండు గంటలకి నూకాలు బుడ్డోడి మూతి వాసన చూసి, పొట్ట ఇచ్చింది. బక్కచిక్కిన వాడు ఆత్రంగా తాగాడు. అప్పుడు చిన్న పిల్లని లోపలికి వదిలారు. అది సంతోషంగా అరుచుకుంటూ తల్లి దగ్గరకి పాకింది. నూకాలు దాన్ని వాసన చూసి, మెడ పట్టి ఎత్తి, గోడకేసి కొట్టింది. ఎర్రయ్య దూకి అందుకునేలోపే రెండోసారి కొట్టింది. పిల్ల చచ్చిపోయింది.

ఎర్రయ్య దాన్ని గోనెలో చుట్టుకుని ఒడ్డుకి తీసుకెళ్ళాడు. మరి కొలనుల దగ్గరకి రాలేదు. ఆ వారమే పని మానేశాడు.

వారిజ విశాఖ వెళ్ళి చూసింది చూసినట్టు చెప్పింది. ఒక్క బిడ్డకే చోటు. ఒకళ్ళని రాస్తే ఇంకొకళ్ళు చెరిగిపోతారు. గిరిజ బాబుని గుండెకి అదుముకుంది. వాడు ఊపిరాడక ఏడ్చినా పట్టు సడలించలేదు.

"అయితే వద్దు," అంది.

తర్వాత నెమ్మదిగా అంది: "ఈ మాట అన్నది నేనో, ఆ చుక్కలో నాకు తెలీదక్కా. ఐదేళ్ళు పెంచిన పిల్లని వద్దనుకునే మనిషిని కానని ఒట్టేసి చెప్పగలిగేదాన్ని. ఇప్పుడు చెప్పలేను. నేనేంటో తెలుసుకునే దారి కూడా లేకుండా చేశావు."

జగ్గారావు తన్మయిని పలాసలో మొదటి భార్య తల్లి దమయంతమ్మ దగ్గర దింపి వచ్చాడు. గిరిజతో మాటలు మానేశాడు. వారిజ అతని పని చోటికే వెళ్ళి, ఓడ నీడలో నిలబడి, తప్పు గిరిజది కాదు తనదని చెప్పింది. అతను చేతి తొడుగులు తీసి సాంతం విన్నాడు.

"వదినగారూ, తోడబుట్టినదాన్ని కాపాడుకోవాలని మీరు పడే తాపత్రయం నాకర్థమైంది," అన్నాడు. "చేపల్ని తినే జంతువుకి వేసే నీళ్ళు రెండు చుక్కలు ముక్కులో పడితే నా కూతురు పరాయిదైపోయిందని నన్ను నమ్మమంటారు. కొళాయి దగ్గర ఆడవాళ్ళు చెప్పిన మాటే నాకు తేలిగ్గా నమ్మబుద్ధేస్తోంది."

వారిజ ఇంక ఆగలేదు. కేంద్రానికి ఉత్తరం రాసింది, సీసా నంబరుతో సహా. పరాంకుశం గారు గదిలోకి పిలిచి, ఉత్తరం వెనక్కి తీసుకోమని గంటసేపు నచ్చజెప్పారు. ఆమె తీసుకోలేదు. ముగ్గురితో విచారణ సంఘం వేశారు. వారిజకి ఒక్కటే ఆశ. గిరిజ వచ్చి నిజం చెప్తే చాలు, జగ్గారావు నమ్ముతాడు, ఊరు నమ్ముతుంది, తన్మయికి ఎప్పటికైనా అర్థమవుతుంది.

గిరిజ వచ్చింది. బాబుని ఎత్తుకునే వచ్చింది. ఎవరు తీసుకోబోయినా ఇవ్వలేదు. సంఘంలో పెద్దాయన, మీ అక్క మీకు మందు వేశారా అని అడిగారు.

"లేదండి," అంది గిరిజ.

మరి పెద్ద పిల్లని ఎందుకు దూరం పెట్టారని అడిగారు.

"సొంత బిడ్డ పుట్టాక దాని మీద మనసు పోలేదండి. అంతే."

వరండాలో వారిజ చెల్లెలి దారికి అడ్డం నిలబడింది. గిరిజ తప్పించుకు పోవాలని చూడలేదు. నిజమని తేలితే డాక్టర్లు తనని వదలరని, చుక్కలకి విరుగుడు కనిపెడతామంటూ తన మెదడులోంచి బాబుని తీసేస్తారని చెప్పింది. "సవతి తల్లి అనిపించుకుంటాను. దాందేముంది, అనుకుంటూనే ఉన్నారుగా. వీణ్ణి మాత్రం వదలను," అంది. మెట్లు దిగుతూ వాడి నెత్తి మీద ముక్కు పెట్టుకుంది.

విచారణ సంఘం, డాక్టర్ వారిజ కుటుంబ కష్టాల వల్ల మానసికంగా అలిసిపోయారని, లెక్కలో తగ్గిన సీసా పగిలిపోయినట్టుందని రాసింది. ఆమెని మంచినీటి చేపల విభాగానికి మార్చారు. చుక్కల పని ఆగలేదు. పిల్లల్ని పెంచుకునే తల్లులకి పనికొస్తుందని కొత్తవాళ్ళు ఉత్సాహంగా ముందుకి తీసుకెళ్ళారు. నూకాలు రెండోసారి చేసిన పని ఆ కాగితాల్లో లేదు. ఆ రోజు సంగతి రాసి సంఘానికి ఇచ్చిన పుస్తకం వారిజకి తిరిగి రాలేదు.

*

తన్మయికి తొమ్మిదో ఏడు వచ్చింది. వారిజ పలాస వెళ్ళడం అది మూడోసారి. మొదటి రెండుసార్లూ బట్టలు, పుస్తకాలు ఇచ్చి, ఏం మాట్లాడాలో తెలీక వచ్చేసింది. ఈసారి చెప్పాలనే వెళ్ళింది.

దమయంతమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీకి వెళ్ళి ఉంది. బడి వదిలాక తన్మయి అరుగు మీద కూర్చుని పెన్సిలు చెక్కుకుంటోంది. పొడుగైంది. జడ తనే వేసుకున్నట్టుంది, పాపిడి వంకరగా ఉంది. వారిజ పక్కన కూర్చుని, తొమ్మిదేళ్ళ పిల్లకి అర్థమయ్యేలా, సముద్ర సింహాల దగ్గర మొదలెట్టి చెప్పింది. తలుపు మూసింది తనేనని కూడా చెప్పింది. అమ్మ చెడ్డది కాదని, తను వేసిన మందు వల్లే ఇలా జరిగిందని చెప్పింది. తన్మయి పెన్సిలు చెక్కడం ఆపి వింది.

"అయితే అమ్మకి నేను గుర్తు లేనా?"

"గుర్తున్నావు. నీ పేరు, నీ చిన్నప్పటి సంగతులు అన్నీ గుర్తున్నాయి. నువ్వు తన పిల్లవన్న గుర్తు ఒక్కటే పోయింది."

"తిరిగి రాదా?"

అబద్ధం నోటి చివరి దాకా వచ్చింది. వారిజ మింగేసింది. "రాదమ్మా," అంది.

తన్మయి ఒళ్ళో పడిన చెక్కుపొట్టుని చేత్తో దులిపింది. వీధిలో ఎవరో పిల్లలు ఆడుకోవడానికి రమ్మని పిలిస్తే తర్వాత వస్తానని చెప్పింది. అప్పుడు వారిజ వైపు తిరిగి, పెద్దవాళ్ళు మాట్లాడినట్టు నెమ్మదిగా మాట్లాడింది.

"పెద్దమ్మా, నువ్వింక ఇక్కడికి రాకు."

వారిజ తల వంచుకుంది. నీకు కోపం రావడం న్యాయమేనంది.

"కోపం కాదు. నీ దగ్గర కూర్చుంటే అచ్చం అమ్మ దగ్గరొచ్చే వాసనే వస్తుంది. నువ్వెళ్ళిపోయాక ఇక్కడ ఉండిపోతుంది. నాకు రెండు రోజుల దాకా అన్నం తినబుద్ధి కాదు. అమ్మమ్మ ఏమైందని అడుగుతుంది, నేనేం చెప్పను?"

వారిజ లేచింది. తెచ్చిన సంచీ అరుగు మీద పెట్టబోయి, మళ్ళీ తీసుకుంది. తన్మయి అరుగు చివరి దాకా వచ్చి, బస్టాండుకి ఎటు వెళ్ళాలో మర్యాదగా చెప్పి, లోపలికెళ్ళి తలుపు వేసుకుంది.

బస్సు గంటకి గాని లేదు. వీధి మలుపులో చిన్న గాలి వీస్తోంది. వారిజ కొంగు ఎటు ఎగురుతోందో చూసుకుంది. ఆ ఇంటి వైపే ఎగురుతోంది. రోడ్డు దాటి అవతలి పక్కకి వెళ్ళి, గాలి అటు పోని చోట, ఎండలో నిలబడింది.